చాయ్ బుస్సుమనదు

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. పెద్ద పెద్ద యంత్రాల గురించి చెబుతానని ఆశపడ్డట్టున్నారు. నేను చెవుల గురించి మొదలుపెట్టాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతె పక్కమ్మాయి వైపు చూసి నవ్వు ఆపుకుంది. ఇంతలో భోజనాల వేళయింది, వేదిక మీదివాళ్లు నాకు శాలువా కప్పి నోరు మూయించారు. ఆ రోజు మిగిలిపోయింది ఇక్కడ చెబుతున్నాను. వెనక బెంచీ అమ్మాయి తప్పకుండా చదవాలి.

నా ఉద్యోగమంతా కల్లుతోనే గడిచింది. తాగి కాదు, పరీక్షించి. గద్వాలలో ఒక అద్దె ఇంటి మేడ మీద మా చిన్న ప్రయోగశాల ఉండేది. కింద చీరల దుకాణం. ఎక్సైజు వాళ్లు కల్లు దుకాణాల్లో పట్టిన సీసాలకు లక్క సీలు వేసి మాకు పంపేవారు. అందులో మత్తుమందు కలిసిందో లేదో తేల్చడం మా పని. పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతాను. చెట్టు నుంచి దిగిన కల్లు అందరికీ చాలదు. నీళ్లు పోసి పెంచుతారు. నీళ్లు పోస్తే మత్తు పోతుంది. పోయిన మత్తును నిద్రమాత్రల పొడితో తిరిగి తెస్తారు. దాన్నే జనం మందుకల్లు అంటారు. తాగేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు. తెలిసినా మానలేరు, ఒక్కరోజు తాగకపోతే చేతులు వణుకుతాయి.

కల్లుకు ఇంకో గుణం ఉంది. సీసాలో బిగించి సీలు వేసినా అది ఊరుకోదు, లోపల పులుస్తూనే ఉంటుంది. పులియకుండా ఆపే మందు వేసి పంపాలని నిబంధన. ఆ మందు ఎప్పుడడిగినా "స్టాకు రావాలి" అనేవారు, నేను రిటైరయ్యేదాకా అది వస్తూనే ఉంది. కాబట్టి మా దగ్గరికొచ్చే ప్రతి సీసా మూత తిప్పగానే ముందు బుస్సుమనేది, తర్వాత నురగ కక్కేది. ఎండాకాలంలో మూత తిప్పేదాకా కూడా ఆగేది కాదు. ఒకసారి పట్నం నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చి, సీసా చేతికి తీసుకుని, "సీలు గట్టిగానే ఉందా?" అని అడిగాడు. సీలే జవాబు చెప్పింది. ఆయన తెల్ల చొక్కాతో వచ్చి, కింది దుకాణం వాళ్లిచ్చిన తువ్వాలు కప్పుకుని వెళ్లాడు.

మా అటెండరు అప్పటి నుంచి హెల్మెట్ పెట్టుకుని సీసాలు తెరిచేవాడు. నాకన్నా ముందు ఉద్యోగంలో చేరినవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. మొదట్లో నవ్వాను. "నగుండ్రి మేడం, కన్నువోతె మల్ల రాదు" అన్నాడు. ఆ తర్వాత నేను నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ బుస్సు చప్పుడు మా ఇద్దరి చెవుల్లో స్థిరపడిపోయింది. పెళ్లిలో ఎవరో సోడా తెరిచినా నేను ఉలిక్కిపడి చీర కొంగు వెనక్కి లాక్కునేదాన్ని.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం చివరి ఏళ్లలో, అమరచింత దాటి కొంత దూరం పోతే వచ్చే ఒక ఊళ్లో, కల్లు తాగి పడుకున్నవాళ్లు లేవడం మానేశారు. ఒక ముసలాయన దుకాణం అరుగు మీదే నిద్రలో పోయాడు. వయసైపోయిందిలే అనుకున్నారు. తర్వాత వయసైపోనివాడొకడు ఇంట్లో ఒళ్లు నీలమై, ఊపిరి అందక, జిల్లా దవాఖానలో పడ్డాడు. ఊరివాళ్లకు అనుమానమొచ్చింది, పైవాళ్లకు ఫిర్యాదు పోయింది.

ఆ ప్రాంతపు ఎక్సైజు ఎస్సై హుషారైన మనిషి. నిజాయితీపరుడు కూడా. ఒక్కటే లోపం, సైరను మోగించకుండా జీపును గేరులో వేయలేడు. ఆయన వెళ్లి కల్లు పట్టి తెచ్చాడు. పరీక్షించాం. ఏమీ లేదు. మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఏమీ లేదు. మత్తుమందు సంగతి అటుంచండి, నీళ్లు కూడా లేవు. మా అటెండరు వాసన చూసి కళ్లు మూసుకున్నాడు.

"మేడం, ఇది అచ్చమైన చెట్టుకల్లు. గిసువంటిది మా నాయన జమానల తాగేటోళ్లు."

అంత మంచి కల్లు సర్కారు సీసాలోకి ఎలా వచ్చిందని అప్పుడే అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు. మత్తుమందు ఏదీ కనిపించలేదని రాసి, సంతకం చేసి పంపాను. నా రిపోర్టు మీద నాకు గర్వం ఎక్కువ, ఆ సంగతి కూడా మీకు తెలియాలి.

నాలుగు రోజులు పోకముందే దవాఖాన నుంచి ఫోను. కొత్తగా వచ్చిన చిన్న వయసు డాక్టరమ్మ. గొంతులో గౌరవం ఉంది, కింద కోపం ఉంది.

"మేడం, మీ రిపోర్టు చూసిన. కల్లు మంచిదే అని రాసిన్రు."

"మంచిదే కాబట్టి రాసిన."

"మరి మంచి కల్లు తాగినోడు నీలంగ ఎందుకైండు? కంటిపాపలు ఆవగింజంత అయినయ్. నిద్రమాత్రకు గట్ల గావు. ఇది నల్లమందు జాతిది. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఇస్తె లేచి కూసున్నడు."

"లేచి కూసుంటె మంచిదే గదా డాక్టరమ్మా?"

"తెల్లారి మల్ల పడిపోయిండు మేడం. వార్డుల, నా కండ్ల ముందటనే. మల్ల లేపిన, మల్ల పడిండు. ఇంకోసారి లేస్తడని నాకు నమ్మకం లేదు. ఈడ కల్లెవరు పోస్తరు ఆయనకు? నాకు తెల్వని జబ్బేదో ఉన్నదా, మీకు తెల్వని మందేదో ఉన్నదా? ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

నాకు తెలియని మందా అని ఒళ్లు మండింది. వెంటనే బయల్దేరాను. అటెండరు బస్టాండుకు హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"బస్సుకు హెల్మెట్ ఎందుకన్నా?"

"అలవాటు మేడం. చేతుల లేకుంటె ఏందో లెక్క ఉంటది."

వార్డులో ఆ మనిషి గోడ పక్క మంచం మీద ఉన్నాడు. నలభై దాటి ఉండవు. కళ్లు సగం మూసుకుని, ఊపిరి ఒకటి తీసుకుంటే రెండోది తీసుకుంటాడో లేదో అని చూసేవాళ్లకు భయమేసేలా ఉన్నాడు. పక్కన భార్య. సీడుపత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే కూలిపని చేస్తుందట. మమ్మల్ని చూసి లేచి, ఉన్న ఒక్క స్టూలూ కొంగుతో తుడిచి నాకు వేసింది. డాక్టరమ్మ అతని రెప్ప ఎత్తి కంటిపాప చూపించింది. నేను నా పరీక్షల గొప్ప చెప్పడం మొదలుపెట్టాను. మూడు రకాల మందులు చూస్తామని, మూడూ లేవని, నా చేతిలో తప్పు జరగదని గొంతు పెంచి చెబుతున్నాను.

అప్పుడు నా వెనక, మంచం కింద నుంచి వచ్చింది ఆ చప్పుడు.

బుస్స్.

నేను నోరు మూసుకున్నాను. చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. అటెండరు వైపు చూస్తే, అతను అప్పటికే హెల్మెట్ తలకు పెట్టుకుంటున్నాడు. ఆమె మంచం పక్కన చతికిలబడి, మా మాటల సందట్లో స్టీలు ఫ్లాస్కు మూత తిప్పుతోంది. చేతిలో చెంచా ఉంది.

"అమ్మా, ఆ ఫ్లాస్కుల ఏముంది?"

"చాయ్ మేడం."

"చాయ్ బుస్సుమంటదా?"

ఆమె ఫ్లాస్కు వైపు చూసింది, నా వైపు చూసింది. "సల్లగైంది మేడం, గందుకే" అంది.

డాక్టరమ్మ ఫ్లాస్కు లాక్కుని వాసన చూసింది. చూసి ఆమె మీద అరిచింది. వార్డంతా ఇటు తిరిగింది. ఆమె ఒక్కసారిగా లేచి నిలబడింది.

"నేనేం జెయ్యాలె మేడం? గోడ మీద చీమలున్నయని గోడంత గీకిండు. చెయ్యి వణికి నీళ్ల గిలాస వట్టరాలె. మా పెదనాయనకు గిట్లనే కల్లు బంద్ వెట్టిచ్చిన్రు, పిచ్చిలేసి సచ్చిండు. నా కండ్లతోని చూసిన. గందుకే మా మరిదితోని దుకాణం కల్లు తెప్పిచ్చి, చెంచతోని ఇంతింత తాపిన. నా మొగుని నేను సంపుకుంటనా?"

డాక్టరమ్మ కోపం ఎటు పోయిందో. నాకైతే ఏడుపొచ్చింది. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మందుకల్లు ఉన్నట్టుండి ఆపితే మనిషి అలాగే అవుతాడు. బతికించాలని ఆమె పోస్తున్నది అతన్ని చంపుతోంది, అంతే. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "వణుకుకు మందు నేనిస్త అక్కా. ఇది మాత్రం చుక్క తాపకు. తాపితె ఇగ లేవడు" అని మెల్లగా చెప్పింది. ఆమె చెంచాను కిటికీ లోంచి విసిరేసింది.

ఫ్లాస్కును సాక్షుల ముందు సీలు చేయాలి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు ఫ్లాస్కును రెండు చేతుల్తో దూరంగా పట్టుకుని మెల్లగా నడుస్తుంటే, పక్క మంచం ముసలమ్మ "బాంబా బిడ్డా?" అని అడిగింది. మా అటెండరు "ఉన్నా ఉండొచ్చు" అన్నాడు. సగం వార్డు సెలైను సీసాలు పట్టుకుని వరండాలోకి పోయింది. సాక్షులుగా ఆ ముసలమ్మా, వార్డుబాయి మాత్రమే మిగిలారు. ఎస్సై కబురందుకుని వచ్చాడు, సైరనుతో. వరండాలో మిగిలినవాళ్లు కూడా గేటు దాటారు.

ప్రయోగశాలలో మా మూడు పరీక్షలూ చేశాం. ఏమీ లేదు. పరీక్షలు మనం అడిగినదానికే జవాబు చెబుతాయి. మేం మూడు మందులను అడిగాం, మూడూ లేవన్నాయి. నాలుగోది ఉందా అని ఎవరూ అడగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో శిక్షణలో ఇచ్చిన కాగితపు పట్టీలు. ఫెంటనిల్ అనే మందును పసిగడతాయి. నల్లమందు చేసే పనే చేస్తుంది గానీ ఇది మొక్క నుంచి రాదు, కర్మాగారంలో తయారవుతుంది. మనిషిని పడుకోబెట్టడానికి ఉప్పురవ్వంత కూడా అక్కర్లేదు. అలాంటిది మన పాలమూరుకెందుకొస్తుందిలే అని ఆ పట్టీలను బీరువాలో పాత త్రాసు కింద పడేశాను.

ఫ్లాస్కులోది నీళ్లలో కలిపి పట్టీ ముంచాం. నేను, అటెండరు, ఎస్సై ముగ్గురం వంగి చూస్తున్నాం. ఒక గీత వచ్చింది. రెండోది రాలేదు.

"ఒక్కటే గీత మేడం! ఏం లేదు!" అని అటెండరు చేతులెత్తాడు. ఆ మధ్యే తాత అయ్యాడు, గీతల సంగతి తనకు బాగా తెలుసని ధీమా. ఎస్సై హమ్మయ్య అని కుర్చీలో కూలబడి కింది హోటలుకు చాయ్ చెప్పాడు. నేను మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని పెట్టెలోని కాగితం మడత విప్పి, చీమ తలకాయంత అక్షరాలు చదివాను. ఒక గీత వస్తే మందు ఉన్నట్టు. రెండు వస్తే లేనట్టు.

"గదెట్ల మేడం?" అటెండరుకు నమ్మకం కలగలేదు. "మా కోడలికి రెండు గీతలొస్తెనే గదా లడ్డూలు పంచినం?"

"ఇది కోడలి పట్టీ గాదన్నా."

చాయ్ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. ఎస్సై అంతకుముందు తెచ్చిన సీసాల్లో మిగిలినదాన్ని కూడా పరీక్షించాను. రెండు గీతలు. అందులో లేదు, ఇందులో ఉంది. రెండూ ఒకే దుకాణానివి. మేమిద్దరం ఎస్సై వైపు చూశాం.

"నన్నెందుకు చూస్తరు? నేను మూత గూడ తియ్యలే!"

"గాదు సార్. దుకాణంల ఎట్ల పట్టిన్రు? ఏ కుండలకెల్లి?"

"నేను పోంగనే దుకాణపోడు కుర్చీ ఏసిండు. బయటి దాని మీద ఈగలు వాలుతయి సార్, మీకు మంచిది తెస్త అని లోపలికెల్లి..." అని ఆగిపోయాడు. ముఖం నెమ్మదిగా ఎర్రబడింది. "ఓయమ్మ. మర్యాద జేసిండు నాకు."

అదీ జరిగింది. మా దగ్గర ఇంటికొచ్చిన పెద్దమనిషికి మంచిది పోయడం రివాజు. సైరను వినబడగానే లోపలి కల్లుకుండలో, అంటే లొట్టిలో, సార్ల కోసం దాచిన చెట్టుకల్లు బయటికొచ్చేది. అది మర్యాదో మోసమో ఎస్సైకి తోచలేదు. మేం మా సర్కారు ఖర్చుతో ఆ మర్యాదను పరీక్షించి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టాం.

పట్టీ చెప్పేది సూచన మాత్రమే. రుజువు పట్నంలోని పెద్ద యంత్రం చెప్పాలి. నమూనా పంపాం, జవాబు రావడానికి రోజులు పడుతుంది. కానీ పొద్దు గూకేసరికి ఆ ఊళ్లో చేల నుంచి మనుషులొస్తారు. ఎస్సై నసిగాడు. "మంచిదని మీ సంతకంతోనే రిపోర్టున్నది గద మేడం."

"ఇంకో సంతకం పెడత. నడువుండ్రి. సైరన్ మాత్రం వద్దు."

డాక్టరమ్మకు సంగతి చెబుదామని దారిలో దవాఖాన దగ్గర ఆగితే, ఆ భార్య జీపుకు అడ్డం వచ్చింది. భర్తను మరిదికి, డాక్టరమ్మకు అప్పజెప్పి వచ్చింది. "నేనొస్త. మీ మాట ఇనరు" అంది. వద్దనే ధైర్యం మాకెవరికీ లేదు. ఎస్సై దారి పొడుగునా సైరను మీట వైపు చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మేం చేరేసరికి చేల నుంచి వచ్చినవాళ్లు, ఆడా మగా, సీసాలు తీసుకుని కూర్చుంటున్నారు. ఎవరూ ఇంకా మొదలుపెట్టినట్టు లేదు. దుకాణం గోడ మీద దేవుడి పటం పక్కన ఇంకో పటం ఉంది. దానికి బంతిపూల దండ. దగ్గరికి వెళ్లి చూస్తే నా రిపోర్టు! ప్లాస్టిక్ అంటించి, అద్దం కట్టించి, నా సంతకం మీద పసుపు కుంకుమ కూడా పెట్టారు. నా సర్వీసులో నా సంతకానికి అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

ఎస్సై గట్టిగా చెప్పాడు, ఇది తాగితే చస్తారని. ఒక ముసలాయన సీసా ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"ఏంది సారు, మొన్న మంచిదంటిరి, ఇయ్యాల ఇసమంటిరి. మీల మీకే కలుస్తలేదా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాను. దుకాణదారుడు చేతులు కట్టుకుని, "మేడం ఎండలవడి వచ్చిన్రు, కూసోండ్రి" అని కుర్చీ వేశాడు. నాకు ఆ కుర్చీని చూస్తే భయమేసింది.

అప్పుడామె జీపు దిగింది. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. ఎవరితోనూ మాట్లాడకుండా పక్కింటామె చేతిలోని సీసా తీసుకుని దుకాణదారుడి ముందుకు చాపింది.

"అన్నా, ఇది నువ్వు తాగు."

అతను అలవాటు కొద్దీ అనేశాడు. "ఉండు చెల్లె, లోపలికెల్లి తెస్త."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. జనం నవ్వు ఆగిపోయింది.

"లోపలిదెందుకన్నా? దినాం మేం తాగేది ఇదే గదా. నా మొగునికి నేను చెంచతోని తాపింది ఇదే గదా."

"నాకు సుగరున్నది చెల్లె."

"పీర్ల పండుగకు లొట్టికి లొట్టి లేపితివి, అప్పుడు లేదా సుగరు?" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అడిగింది.

పౌరుషానికి పోయి తాగేస్తాడేమోనని నేను సీసాకు చెయ్యి అడ్డం పెట్టాను. అక్కర్లేకపోయింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అది అందరూ చూశారు. మమ్మల్ని ఎగతాళి చేసిన ముసలాయన లేచి, తన సీసాను నేల మీద బోర్లించాడు. తర్వాత పక్కింటామె. తర్వాత ఒక్కొక్కరే. నేలంతా తెల్లటి నురగ. దాని మధ్య మా అటెండరు హెల్మెట్ పెట్టుకుని, "అన్నీ పారవొయ్యకుండ్రి, నాకు జర నమూనా కావాలె!" అని అరుస్తూ సీసాల కోసం పరుగెత్తాడు.

పొడి మారిందని దుకాణదారుడికి తెలుసు, ఏమిటో తెలియదు. పాత పొడి దొరకడం లేదని, దీంట్లో చిటికెడు చాలని తెచ్చినవాడు చెప్పాడట. తర్వాత పట్నం యంత్రం కూడా మా పట్టీ మాటే చెప్పింది. తెచ్చినవాడూ అమ్మినవాడూ జైలుకు పోయారు. ఊరు మాత్రం కొన్నాళ్లు వణికింది. డాక్టరమ్మ అక్కడి బడిలో మంచాలు వేయించి ఒక్కొక్కరికీ వణుకు తగ్గేలా మందిచ్చింది. పోయిన ముసలాయన గురించి మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. నా మొదటి రిపోర్టు ఇంకోలా ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను, కానీ ఆయన దానికన్నా ముందే పోయాడు. అనుకోవడం మాత్రం మానలేదు.

దండతో ఉన్న ఆ పటాన్ని నేను తెచ్చుకుని ప్రయోగశాలలో నా కుర్చీకి ఎదురుగా తగిలించాను. వచ్చినవాళ్లు అవార్డా మేడం అని అడిగేవారు. అవునని చెప్పేదాన్ని.

నేను రిటైరయిన రోజు కింది చీరల దుకాణం వాళ్లతో సహా అందరూ వచ్చారు. ఎస్సై వచ్చాడు, సైరను వినబడకుండా, నాకు కానుకగా. సభ ముగిసేవేళకు ఆమె, భర్త మెట్లెక్కి వచ్చారు. ఆమె చేతిలో అదే స్టీలు ఫ్లాస్కు. కేసు తేలాక తిరిగిచ్చినట్టున్నారు.

"చాయ్ మేడం" అంది.

 అటెండరు అలమర పైకి, హెల్మెట్ వైపు చూశాడు. నేను ఫ్లాస్కు అందుకుని, చెవికి ఆనించుకుని, మూత మెల్లగా తిప్పాను. చప్పుడు లేదు. అల్లం వాసన వచ్చింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్త ముందుకొచ్చి, ఫ్లాస్కు తీసుకుని, కప్పు నిండా పోసి నాకు అందించాడు. అంచుదాకా ఉన్న చాయ్ ఒక్క చుక్క కూడా ఒలకలేదు.